హార్మోనులను భర్తీ చేయుట: ఒక చికిత్స చరిత్ర

1998 నవంబరు 22వ తేదీన, హైదరాబాదు పడమటి అంచున మాదాపూరు రాళ్ళ నడుమ, సైబర్ టవర్స్ అను గుండ్రని కట్టడమును నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి ప్రారంభించినారు. హైటెక్ సిటీకి అదే తొలి కట్టడము. తరువాత కొన్నేండ్లలోనే గచ్చిబౌలి, కొండాపూరు, నానక్‌రాంగూడ వరకు అద్దాల మేడలు లేచినవి. ఆ ప్రాంతమునకంతకు సైబరాబాదు అను పేరు స్థిరపడినది. ఇచట ఒక చిన్న లెక్క వేసి చూడవచ్చును. ఆనాడు 23 ఏండ్ల వయస్సులో అక్కడ కొలువులో చేరిన యువతికి 2025లో 50 ఏండ్లు. భారతదేశమున స్త్రీలకు సహజముగా ముట్లుడుగు వయస్సు సగటున 46 ఏండ్లకు కొంచెము పైన. యువతీయువకుల నగరమని పేరుబడ్డ ఆ ప్రాంతపు మొదటి తరము ఉద్యోగినులు చాలమంది ఇప్పటికే ఆ గడప దాటినారన్నమాట.

అదే హైదరాబాదు నుండి ముంబయి పోవు రహదారిలో సంగారెడ్డి, సదాశివపేటలు దాటిన పిమ్మట మునిపల్లి మండలము వచ్చును. ఇది పూర్వపు మెదకు జిల్లాలోనిది. 2016 నుండి సంగారెడ్డి జిల్లాలో ఉన్నది. ఈ పల్లెలలో, చిన్న వయస్సులోనే గర్భసంచి తీయించుకొన్న స్త్రీల గూర్చి లైఫ్-హెచ్ఆర్‌జి అను సంస్థ పక్షమున డాక్టరు ఎస్. వి. కామేశ్వరి, డాక్టరు వింజమూరి ప్రకాశ్ ఇల్లిల్లు తిరిగి విచారించి, అక్కరలేని శస్త్రచికిత్సల వృత్తాంతమును వెలుగులోనికి తెచ్చినారు. గర్భసంచితో పాటు బీజకోశములను కూడ తీసివేసినచో ఆ స్త్రీకి ముట్లుడుగుట ముప్పది ఏండ్లకే రావచ్చును.

నగరములోని ఉద్యోగినికి, పల్లెలోని కూలి మనిషికి ఈ దశలో లోపించునది ఒకే వస్తువు. దాని పేరు ఈస్ట్రోజన్. ఒకరిలో అది ఏండ్ల తరబడి మెల్లమెల్లగా తగ్గును. మరియొకరిలో కత్తి పడిన రోజుననే నిలిచిపోవును. లోపించిన దానిని బయటినుండి ఇచ్చుట మంచిదా, ఎవరికి ఇయ్యవలెను, ఎంతకాలము ఇయ్యవలెను అను ప్రశ్నలకు వైద్యులు గడచిన ఎనుబది ఏండ్లలో కనీసము మూడుసార్లు తమ సమాధానమును మార్చుకొన్నారు. ఆ మార్పులు ఎట్లు జరిగినవో తెలిసికొనుట హార్మోనుల పాఠము చదువు విద్యార్థులకు పాఠముకంటె ఎక్కువ ఉపయోగపడునని మా అభిప్రాయము.

పుంజు నెత్తిమీది జుట్టు

కథ ఒక కోళ్ళగూటిలో మొదలైనది. 1849లో జర్మనీలోని గొట్టింగెన్ నగరమున బెర్తోల్డ్ అను శాస్త్రవేత్త ఆరు పుంజుపిల్లలను తీసికొని వాటి వృషణములను తొలగించినాడు. అట్టి పుంజు కూయదు, పోట్లాడదు, నెత్తిమీది జుట్టు వెలవెలబోవును. ఇది మన పల్లెలవారికిని తెలిసిన సంగతియే. కాని బెర్తోల్డ్ కొన్నిటికి వృషణమును తిరిగి కడుపులో మరియొక చోట అతికినాడు. ఆ కోళ్ళు మామూలు పుంజులవలెనే పెరిగినవి, కూసినవి, పోట్లాడినవి. అతికిన వృషణమునకు పాత నరములు లేవు. కొత్త రక్తనాళములు మాత్రము అల్లుకొన్నవి. కాబట్టి వృషణములో పుట్టునదేదో రక్తములో కలిసి దేహమంతటికి చేరుచున్నదని బెర్తోల్డ్ ఊహించినాడు. ఊహ సరియైనదే. కాని నలుబది ఏండ్లపాటు ఎవరును దానిని పట్టించుకొనలేదు.

పట్టించుకొన్నవాడు కొంచెము తొందరపడినాడు. 1889 జూన్ 1వ తేదీన పారిస్ నగరములో, 72 ఏండ్ల వృద్ధుడైన బ్రౌన్-సెకార్ అను పేరుపొందిన శరీరధర్మ శాస్త్రవేత్త, కుక్కల యొక్కయు సీమపందుల యొక్కయు వృషణములను నూరి తీసిన రసమును తానే సూదితో ఎక్కించుకొంటినని, తనకు మరల బలము వచ్చినదని శాస్త్రజ్ఞుల సభలో చెప్పినాడు. పత్రికలలో అది గుప్పుమన్నది. నెలలు తిరుగకముందే దేశదేశములలో వేలాది వృద్ధులు ఆ సూదులకు ఎగబడినారు. ఆయన వాడిన రసము నీటితో తీసినది. వృషణములలోని హార్మోను నూనెలో కరగును గాని నీటిలో కరగదు. ఉపాధ్యాయులు ఒక గాజు గొట్టములో నీరు, నూనె పోసి కలియబెట్టి చూపించినచో సంగతి పిల్లలకు వెంటనే అర్థమగును. 2002లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఆయన పద్ధతిలోనే రసము తీసి పరీక్షించగా, దానిలో పనిచేయదగినంత హార్మోను లేదని తేలినది. ఆయనకు కలిగిన బలము నమ్మకపు బలము.

అయినను ఆ తొందరపాటు వ్యర్థము కాలేదు. గ్రంథుల రసముతో వైద్యము చేయవచ్చునను ఆలోచన దానితో వ్యాపించినది. 1891లో ఇంగ్లండులోని న్యూకాసిల్ పట్టణమున జార్జి మర్రీ అను యువ వైద్యుడు, అవటు గ్రంథి పనిచేయక ఒళ్ళు ఉబ్బి, మాట మందగించి, చలికి ఓర్వలేకుండనున్న 46 ఏండ్ల స్త్రీకి గొఱ్ఱె అవటు గ్రంథుల రసమును సూదితో ఇచ్చినాడు. ఆమె కోలుకొన్నది. తరువాత నోటితోనే ఆ రసమును పుచ్చుకొనుచు 74వ ఏట, 1919లో, కన్నుమూసినది. ఆమె వాడిన మందుకు 870కి పైగా గొఱ్ఱెల గ్రంథులు అవసరమైనవని మర్రీ తరువాత లెక్క చెప్పినాడు. హార్మోను భర్తీ అని మనము చెప్పుకొను చికిత్సకు మొదటి నిజమైన విజయము ఇది. హార్మోను అను పేరు మాత్రము అప్పటికి పుట్టలేదు. 1905లో స్టార్లింగ్ అను ఆంగ్ల శాస్త్రవేత్త, ప్రేరేపించునది అను అర్థమిచ్చు గ్రీకు ధాతువునుండి దానిని తీసినాడు.

1922 జనవరి 11వ తేదీన కెనడాలోని టొరంటోలో లెనార్డ్ థాంప్సన్ అను 14 ఏండ్ల మధుమేహ బాలునకు ఇన్సులిన్ ఇచ్చుటతో ఈ చికిత్సపై ఎవరికిని సందేహము మిగులలేదు. ఇన్సులిన్ కథ మన పాఠకులు చాలసార్లు విన్నదే. ఇచట గమనింపదగిన సంగతి ఒక్కటి కలదు. అవటు గ్రంథి చెడుట, క్లోమములోని కణములు నశించుట అనునవి రోగములు. ఆ లోపమును పూరించుట ప్రాణము పోయుటయే. ముట్లుడుగుట అట్టిది కాదు. ప్రతి స్త్రీకి ఏదో ఒకనాడు వచ్చు దశ అది. రోగములో జరిగిన విజయమును చూచి, వయోధర్మమునకు కూడ అదే మందు వేయవచ్చునని తలచుటలోనే తరువాతి చిక్కులన్నియు పుట్టినవి.

గుఱ్ఱపు మూత్రము నుండి మాత్ర

ఆడుబిడ్డ పుట్టునప్పుడే ఆమె బీజకోశములలో పది, ఇరువది లక్షల అండపుటికలు ఉండును. పుట్టిన పిమ్మట కొత్తవి ఏర్పడవు. సమర్తాడు నాటికి అవి మూడు, నాలుగు లక్షలకు తగ్గును. జీవితములో విడుదలయ్యెడి అండములు సుమారు 400 మాత్రమే. తక్కినవి తమంత తామే క్షీణించిపోవును. పెరుగుచున్న అండపుటికలే ఈస్ట్రోజన్‌ను తయారుచేయు కార్ఖానాలు. అవి వేయి లోపునకు దిగిన దశలో కార్ఖానాలు మూతపడును, ముట్లు ఆగును. వరుసగా పండ్రెండు నెలలు ముట్టు రానిచో ఉడిగినట్లు లెక్క.

ఈస్ట్రోజన్ పని గర్భాశయముతో తీరిపోవునది కాదు. ఎముకలో ఎల్లప్పుడును రెండు తెగల కణములు పనిచేయుచుండును: ఒకటి పాత ఎముకను కరగించునది, రెండవది కొత్త ఎముకను కట్టునది. కరగించు కణములకు ఈస్ట్రోజన్ కళ్ళెము. కళ్ళెము తొలగగానే కట్టుటకంటె కూల్చుట ఎక్కువై ఎముక గుల్లబారును. మెదడు అడుగున దేహపు వేడిని అదుపుచేయు కేంద్రము కూడ ఈస్ట్రోజన్‌కు అలవాటు పడియుండును. అది లోపించినప్పుడు ఆ కేంద్రము కలతచెంది, ఏ కారణము లేకయే ముఖమునకు, మెడకు ఆవిర్లు ఎగయుట, చెమటలు పోయుట, నిద్ర చెడుట జరుగును. చల్లని గదిలో కూర్చున్నను ఇది తప్పదు. అద్దాల మేడలలోని శీతల యంత్రములు దీనికి మందు కావు.

1923లో అమెరికాలోని సెయింట్ లూయీ నగరమున అల్లెన్, డోయిసీ అనువారు బీజకోశపు హార్మోను ఉనికిని నిరూపించినారు. 1929లో డోయిసీ అమెరికాలోను, బుటెనాన్ట్ జర్మనీలోను, ఒకరితో ఒకరికి సంబంధము లేకుండ, గర్భిణీ స్త్రీల మూత్రమునుండి ఈస్ట్రోన్ అను ఈస్ట్రోజన్‌ను స్ఫటిక రూపమున వేరుచేసినారు. కాని అంత మూత్రమును ఎచటనుండి తెచ్చుట? చూడి గుఱ్ఱముల మూత్రములో ఈస్ట్రోజన్ పుష్కలముగా కలదని 1930లో జోండెక్ కనుగొన్నాడు. దానినుండి తీసిన మాత్ర ప్రెమరిన్ అను పేరుతో 1942లో అమెరికాలో అనుమతి పొందినది. ఆంగ్లములో చూడి గుఱ్ఱము, మూత్రము అను మాటల ముక్కలను కలిపి చేసిన పేరది! కొనువారిలో ఆ సంగతి తెలిసినవారు తక్కువ. ఇంచుమించు అదే కాలమున రసెల్ మార్కర్ అను రసాయనవేత్త మెక్సికో అడవులలోని ఒక జాతి పెండలపు దుంపనుండి ప్రొజెస్టిరాన్ అను రెండవ స్త్రీ హార్మోనును చౌకగా చేయు మార్గము కనిపెట్టినాడు. దీనితో స్త్రీ హార్మోనులు రెండును అంగటికి చేరినవి.

1966లో రాబర్ట్ విల్సన్ అను అమెరికా వైద్యుడు ఒక పుస్తకము ప్రకటించి, ముట్లుడుగుట ఒక లోపరోగమని, ఈస్ట్రోజన్ వాడిన స్త్రీ కలకాలము స్త్రీగానే ఉండునని వాదించినాడు. లక్షల ప్రతులు అమ్ముడుపోయినవి. ఆయన సంస్థకు మందుల కంపెనీల ధనము అందినదని తరువాత బయటపడినది. బ్రౌన్-సెకార్ తనను తానే నమ్మి మోసపోయినాడు. విల్సన్ విషయములో అంత మెత్తగా చెప్పుట కష్టము.

తొమ్మిదేండ్లకే మొదటి దెబ్బ తగిలినది. ఈస్ట్రోజన్ వాడు స్త్రీలలో గర్భాశయపు లోపొరకు రాచపుండు, అనగా కాన్సరు, ఎక్కువగా వచ్చుచున్నదని 1975 డిసెంబరులో రెండు పరిశోధనలు ఒకేసారి వెలువడినవి. కారణము సులభముగా గ్రహింపవచ్చును. ప్రతి నెల ఈస్ట్రోజన్ ఆ పొరను మందముగా పెంచును. ప్రొజెస్టిరాన్ ఆ పెరుగుదలకు అడ్డుకట్ట వేయును. మాత్రలో మొదటిది మాత్రమే ఉండి రెండవది లేనప్పుడు పొర అదుపు లేక పెరుగును. నాటినుండి గర్భాశయమున్న స్త్రీకి రెండును కలిపి ఇయ్యవలెనని, గర్భాశయము తీసివేసిన స్త్రీకి ఈస్ట్రోజన్ ఒక్కటియే చాలునని నియమమేర్పడినది. ఈ భేదమును పాఠకులు గుర్తుంచుకొనవలెను. మన రాష్ట్రముల విషయమునకు వచ్చినప్పుడు ఇది మరల కావలసివచ్చును.

పదివేలలో ఎనమండుగురు

రెండు హార్మోనులను కలిపిన తరువాత మరల ఆశలు పెరిగినవి. హార్మోనులు వాడు స్త్రీలలో గుండెపోట్లు తక్కువగా ఉన్నవని అమెరికాలో వేలాది నర్సులను ఏండ్ల తరబడి గమనించిన పరిశోధన చెప్పినది. ముట్లుడిగిన స్త్రీలందరు గుండె రక్షణకై వీటిని వాడుట మంచిదను అభిప్రాయము 1990 ప్రాంతమున బలపడినది. అయితే గమనించుట వేరు, పరీక్షించుట వేరు. తనంత తాను వైద్యునివద్దకు పోయి ఖరీదైన మాత్రలు కోరి వాడు స్త్రీ, సాధారణముగా చదువుకొన్నది, కలిగినది, పొగ త్రాగనిది, దేహమును చూచుకొనునది. ఆమె గుండె బాగుండుట మాత్రవలననా, ఆమె జీవన విధానము వలననా? చీట్లు వేసి ఒక సగమునకు మందు, రెండవ సగమునకు మందువలెనే కనిపించు ఉత్త మాత్ర ఇచ్చిననే గాని ఇది తేలదు.

అట్టి పరీక్షను విమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్ అను పేరున అమెరికా ప్రభుత్వము చేయించినది. గర్భాశయమున్న 16,608 మంది స్త్రీలు, 50 మొదలు 79 ఏండ్ల వారు, అందులో చేరినారు. వారికి రెండు హార్మోనులు కలిసిన మాత్ర గాని ఉత్త మాత్ర గాని ఇచ్చినారు. ఎనిమిదిన్నర ఏండ్లు నడపవలెనని తలచిన ఆ పరీక్షను 2002 జూలైలో, సగటున 5.2 ఏండ్లకే, ఆపివేసినారు. రొమ్ము కాన్సరు నూటికి 26 వంతులు, గుండెజబ్బు 29 వంతులు, పక్షవాతము 41 వంతులు పెరిగినవని పత్రికలు ఘోషించినవి. ప్రపంచమంతట లక్షలాది స్త్రీలు భయపడి మాత్రలను పారవేసినారు.

గణితము చెప్పు ఉపాధ్యాయులకు ఇంతకంటె మంచి ఉదాహరణము దొరకదు. నూటికి 26 వంతులు పెరిగినదనగా అసలు సంఖ్య ఎంత? ఉత్త మాత్ర వాడిన పదివేల మందిలో ఏడాదికి 30 మందికి రొమ్ము కాన్సరు వచ్చినది. హార్మోనులు వాడినవారిలో 38 మందికి. భేదము పదివేలలో ఎనమండుగురు. అట్లే గుండెజబ్బు 30 నుండి 37కు, పక్షవాతము 21 నుండి 29కి పెరిగినది. ఊపిరితిత్తులలో నెత్తురు గడ్డలు 8 నుండి 16కు పెరిగినవి. మరియొక వైపున తుంటి ఎముక విరుగుట 15 నుండి 10కి, పెద్దప్రేగు కాన్సరు 16 నుండి 10కి తగ్గినది. 26 వంతులు అనుమాటయు నిజమే, ఎనమండుగురు అనుమాటయు నిజమే. మొదటిది వినిన స్త్రీ మాత్రను పారవేయును. రెండవది వినిన స్త్రీ ఆలోచించును. అయినను ఒక్క మాట. గుండెను కాపాడునని నమ్మి ఇచ్చిన మందు కాపాడలేదు. ఆరోగ్యముగా నున్న కోట్ల స్త్రీలకు ఇయ్యదలచిన మందులో పదివేలకు ఎనమండుగురు చిన్న సంఖ్య కాదు. పరీక్షను ఆపినవారు సరియైన పనియే చేసినారు.

పరీక్షలో చేరినవారి సగటు వయస్సు 63. ఆవిర్లతో బాధపడు 50 ఏండ్ల స్త్రీకి వారి ఫలితములు ఎంతవరకు వర్తించునను ప్రశ్న కొంతకాలమునకు గాని ఎవరికిని తట్టలేదు. వయస్సుల వారీగా విడదీసి చూడగా చిత్రము మారినది. 60 ఏండ్లలోపు వారికి, లేదా ముట్లుడిగి పదేండ్లు దాటని వారికి, ఆవిర్ల బాధ తీవ్రముగా ఉన్నచో, రొమ్ము కాన్సరు, నెత్తురు గడ్డలు వంటి అడ్డంకులు లేనిచో, మేలు కీడును మించునని నేటి వైద్య సంఘములు చెప్పుచున్నవి. 2017లో ఆ పరీక్షలలోని స్త్రీల 18 ఏండ్ల చరిత్రను పరిశీలించగా, మొత్తము మరణములలో హార్మోను వాడిన వారికి, వాడని వారికి భేదము కనబడలేదు. ముసలితనమును ఆపుటకు గాని, దీర్ఘరోగములు రాకుండుటకు గాని ముందుజాగ్రత్తగా హార్మోనులను వాడరాదను సలహా మాత్రము నిలిచియే ఉన్నది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఈ మందుల పెట్టెలపై నల్లగీతల చట్రములో ముద్రింపించుచు వచ్చిన హెచ్చరికలలో గుండెజబ్బు, రొమ్ము కాన్సరులను గూర్చిన వాటిని తొలగింపనారంభించుచున్నట్లు 2025 నవంబరులో ప్రకటించినది. ఆవిర్లకు హార్మోను కాని మందు కూడ, మెదడులోని ఉష్ణకేంద్రముపై సూటిగా పనిచేయునది, 2023లో అచ్చట అనుమతి పొందినది.

యౌవనమును అమ్మువారు మాత్రము బ్రౌన్-సెకార్ కాలమునుండి తగ్గలేదు. 1990లో రడ్మన్ అను వైద్యుడు 61 ఏండ్లు దాటిన 12 మంది పురుషులకు ఆరు నెలలు పెరుగుదల హార్మోను ఇచ్చి, కండ పెరిగినది, కొవ్వు తగ్గినదని వ్రాసినాడు. పండ్రెండుగురి ఫలితముపై ఒక వ్యాపారమే లేచి నిలిచినది!

గర్భసంచి

విమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్‌లో రెండవ పరీక్ష ఒకటి కలదు. పత్రికలు దానిని అంతగా పట్టించుకొనలేదు గాని తెలుగువారికి అదియే ముఖ్యము. గర్భాశయము తీసివేసిన 10,739 మంది స్త్రీలకు ఈస్ట్రోజన్ ఒక్కటియే గాని, ఉత్త మాత్ర గాని ఇచ్చినారు. పక్షవాతములు పెరిగినందున 2004లో దానిని కూడ ఆపినారు. కాని ఇందులో రొమ్ము కాన్సరు పెరుగలేదు. దీర్ఘకాలము గమనించిన మీదట తగ్గినట్లే తేలినది. తుంటి ఎముకల విరుగుళ్ళు తగ్గినవి.

తెలుగునాట గర్భాశయము లేని స్త్రీలు ఎందరు? 2015-16లో జరిగిన నాలుగవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలను ఈ ప్రశ్న అడిగినారు. దేశము మొత్తముమీద నూటికి 3.2 మంది గర్భాశయము తీయించుకొన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 8.9 మంది, తెలంగాణలో 7.7 మంది. దేశములో మొదటి రెండు స్థానములును మనవే, బీహారు 5.4తో చాల దూరమున మూడవదిగా ఉన్నది. ఈ శస్త్రచికిత్సలలో మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రులలో జరిగినవి. చేయించుకొన్నవారి మధ్యస్థ వయస్సు 34. పరిశీలనాశక్తి గల విద్యార్థి ఇచట ఒక అభ్యంతరము చెప్పవచ్చును: 49 దాటినవారిని అడుగనేలేదు గదా, వారిని కలిపినచో మధ్యస్థము పెరుగదా అని. పెరుగును. అయినను 34 ఏండ్లు నిండకముందే ఈ శస్త్రచికిత్స పొందినవారు ఇందరుండుట ఏ లెక్కతోను సమర్థింపరానిది.

ఎందుకిట్లు జరిగినది? ఎక్కువమంది చెప్పిన కారణము అధిక రక్తస్రావము, నొప్పి. వీటిలో చాలవాటికి మందులు కలవు. కాని పల్లెలో స్త్రీల వైద్యురాలు దొరకదు. కూలిపని మానుకొని పదిసార్లు తిరుగుటకు వీలుండదు. తెల్లబట్ట అయినచో అది కాన్సరు అగునని భయపెట్టువారు కలరు. దీనికి తోడు మన రాష్ట్రపు కుటుంబ నియంత్రణ చరిత్ర కూడ ఇందులో కలిసినది. అదే సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లోని వివాహిత స్త్రీలలో నూటికి 68 మంది పిల్లలు పుట్టకుండ శస్త్రచికిత్స చేయించుకొన్నవారు. అందులో చాలమంది పాతికేండ్లయినను నిండనివారు. పిల్లల సంచి అని పేరు, పిల్లలు చాలునని అనుకొన్నారు, ఇక ఆ సంచితో పనియేమి అను తర్కము ఇంటివారికిని, కొందరు వైద్యులకును సహజముగా తోచినది. 2007లో ఆరంభమైన రాజీవ్ ఆరోగ్యశ్రీ పథకము పేదవారికి పెద్ద ఆసుపత్రుల తలుపులు తెరచినది. ఆ తలుపుగుండనే ఈ శస్త్రచికిత్సలును పెరిగినవని విమర్శ రాగా, ప్రభుత్వము ఆ పథకము క్రింద దీనిని ప్రభుత్వ ఆసుపత్రులకు పరిమితము చేయవలసివచ్చినది.

సంచి అను మాటలోనే పొరపాటు దాగియున్నది. గర్భాశయము సంచియే కావచ్చును, కాని దానికి ఇరుప్రక్కల నున్న బీజకోశములు సంచులు కావు, వినాళ గ్రంథులు. అవటు గ్రంథిని, క్లోమమును పనిలేనివని తీసివేయుటకు ఎవరు సాహసింతురు? బీజకోశములను అట్లే ఉంచి గర్భాశయము మాత్రము తీసినను పూర్తిగా క్షేమమని చెప్పలేము. అట్టి స్త్రీలకు ముట్లుడుగు దశ తక్కినవారికంటె సగటున 3.7 ఏండ్లు ముందుగా వచ్చుచున్నదని 2005లో న్యూజీలాండు పరిశోధకులు ప్రకటించినారు. రెండు బీజకోశములను 45 ఏండ్లలోపు తీసివేసి, ఈస్ట్రోజన్ ఇయ్యకుండ వదలిన స్త్రీలలో మరణములు ఎక్కువని 2006లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు, పాత రికార్డులను దశాబ్దముల వెనుకకు తిరుగవేసి చూపించినారు.

ఇక మన స్త్రీల ఎముకల సంగతి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో పుట్టి, 1958లో హైదరాబాదు చేరి, 1969లో నేటి పేరు పొందినది. ఆ సంస్థలో డాక్టరు వీణా శత్రుఘ్న, ఆమె సహచరులు హైదరాబాదులోని తక్కువ ఆదాయము గల కుటుంబములనుండి 30 మొదలు 60 ఏండ్ల వయస్సుగల 289 మంది స్త్రీల ఎముకల సాంద్రతను కొలిచి 2005లో ప్రకటించినారు. తొడ ఎముక మెడ భాగమున నూటికి 52 మందికి సాంద్రత తగ్గియున్నది. 29 మందికి ఎముక గుల్లబారినది. ధనిక దేశముల స్త్రీలలో వీటిని ఎక్కువగా అరువది దాటిన తరువాత చూతురు. మనవారిలో కారణము వయస్సు కాదు, పోషణ లోపమని పరిశోధకుల భావము. చిన్ననాటినుండి చాలినన్ని పాలు, పప్పు లేక, ఎముక నిండుగా ఏర్పడనేలేదు. నిండని కుండకు చిల్లి పడినచో ఖాళీ అగుటకు ఎంతసేపు పట్టును? ముప్పది ఐదేండ్లకే ఈస్ట్రోజన్ పోయిన కూలి మనిషి స్థితి అదే.

ఎముకకు సున్నమును అందించు విటమిన్ డి కూడ నిజమునకు హార్మోను వంటిదే. ఎండ తగిలిన చర్మములో అది తయారగును. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ పరిశోధకులు 2007లో ప్రకటించిన అధ్యయనములో, ఇంత ఎండ గల మన ప్రాంతమున కూడ దాని లోపము విస్తారముగా కనబడినది. అద్దముగుండ వెలుతురు వచ్చును గాని చర్మములో విటమిన్ డి తయారుచేయు కిరణములు రావు. ఈ విషయములో సైబరాబాదు ఉద్యోగిని, మునిపల్లి కూలి మనిషికంటె ఒక మెట్టు దిగువననే ఉండవచ్చును!

కనుక ఒకే మందు ఇరువురికిని ఒకే తీరున వర్తింపదు. 50 ఏండ్ల ఉద్యోగినికి ముట్లు సహజముగా ఉడిగినవి, గర్భాశయము ఉన్నది. ఆవిర్లు భరింపరానివైనప్పుడు, వైద్యులు చూచి, రెండు హార్మోనులను కలిపి కొంతకాలము ఇయ్యవచ్చును. బాధ లేనిచో అక్కరలేదు. 32 ఏండ్లకు బీజకోశములు పోయిన స్త్రీకి జరుగునది ముసలితనము కాదు, లోపము. మర్రీ చికిత్స చేసిన స్త్రీకి అవటు రసము లోపించినట్లే ఈమెకు ఈస్ట్రోజన్ లోపించినది. అడ్డంకులు లేనిచో సహజముగా ముట్లుడుగు వయస్సు వరకు, అనగా సుమారు యాబది ఏండ్ల దాక, ఆమెకు ఈస్ట్రోజన్ ఇయ్యవలెనని నేటి వైద్యశాస్త్రము చెప్పుచున్నది. 63 ఏండ్ల స్త్రీలపై జరిగిన పరీక్షలోని భయము ఆమెకు వర్తింపదు. మాత్ర అందవలసినది ముందుగా ఈమెకు. కాని శస్త్రచికిత్స చేసి పంపివేసిన తరువాత ఈమెను మరల పిలిచి చూచువారు అరుదు.

బీహారు, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్ రాష్ట్రములలో జరిగిన ఇట్టి అనవసర శస్త్రచికిత్సలపై వైద్యుడు నరేంద్ర గుప్త వేసిన వ్యాజ్యములో, 2023 ఏప్రిల్ 5వ తేదీన సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. కేంద్ర ఆరోగ్య మంత్రిత్వశాఖ 2022లో తయారుచేసిన మార్గదర్శక సూత్రములను అన్ని రాష్ట్రములును మూడు నెలలలో అమలుచేయవలెనని ఆదేశించినది. 2019-21లో జరిగిన అయిదవ సర్వేలో కూడ ఆంధ్రప్రదేశ్, తెలంగాణములే ముందున్నవి.

శస్త్రచికిత్స ముగిసి ఇంటికి వచ్చు స్త్రీ చేతికి ఆసుపత్రివారు ఒక కాగితము ఇత్తురు. గర్భాశయము మాత్రమే తీసినారా, ఒక బీజకోశమును కూడ తీసినారా, రెండింటిని తీసినారా అను సంగతి అందులో ఒక వాక్యములో ఉండవలెను. ఆమెకు ఈస్ట్రోజన్ కావలెనో వద్దో, ఎంతకాలము కావలెనో, ఎముకల పరీక్ష ఎప్పుడు చేయవలెనో పది ఏండ్ల తరువాత చూచు వైద్యుడు నిర్ణయించునది ఆ వాక్యమును బట్టియే. పదవ తరగతి విద్యార్థి తన తల్లి పెట్టెలోని ఆ కాగితమును తీసి చదివి చెప్పగలడు.